ల్యాప్‌టాప్ సొంతంగా బాగుచేసుకుందాం – 4వ పాఠం: స్టిక్కర్ మీద 3200, లోపల 2400

కిందటి పాఠంలో అడుగు మూత విప్పి, కొత్త ర్యామ్‌ను స్లాట్‌లో వాలుగా దూర్చి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాం. మెషీన్ ఆన్ అయింది, 16 జీబీ చూపిస్తోంది. చాలామంది ఇక్కడితో మూత బిగించేస్తారు. మనం ఇంకో అయిదు నిమిషాలు ఆగుదాం.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. కింద ‘స్పీడ్’ (సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు డేటా పంపుతుందో ఆ అంకె) ఎంతుంది? కొన్నది 3200 అయితే అక్కడా 3200 ఉండాలి. 2400 అనో 2666 అనో ఉంటే కారణం వెతకాలి. సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే ఉచిత ప్రోగ్రామ్) వాడేవాళ్లకు మెమరీ పేజీలో 1600కు కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది, కంగారు పడకండి. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి చదువుకోవాలి.

ముందు ప్రాసెసర్‌ను చూడండి. ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ దాని లోపలే ఉంటుంది, దానికో హద్దుంది. డీడీఆర్4లో ఐ5-8250యూకి, రైజెన్ 5 3500యూకి ఆ హద్దు 2400. ఐ5-10300హెచ్‌కి 2933. ఐ5-1135జీ7కి, రైజెన్ 5 4600హెచ్‌కి 3200. 8250యూలో 3200 స్టిక్ 2400 దగ్గరే నడుస్తుంటే అది లోపం కాదు, దుకాణంవాడితో గొడవ అనవసరం.

ప్రాసెసర్‌కు 3200 అందే శక్తి ఉండి కూడా వేగం రాకపోతేనే అసలు కథ. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. ఏ వేగంలో, ఏ టైమింగ్స్‌తో (స్పందించడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో), ఎంత వోల్టేజీతో నడవాలో దానిలో పట్టికలుగా రాసి ఉంటుంది. సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ పేజీ తెరిచి, పైన స్లాట్ ఎంచుకుని, కిందనున్న పట్టిక చూడండి. జేడెక్ (ర్యామ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) అని ఉన్న గడుల్లోనే 1600 కనిపించి, దాని కింద 1.20 వోల్టులు ఉంటే ఆ స్టిక్ ఎవరూ చెప్పకుండానే 3200లో నడుస్తుంది. జేడెక్ గడులు 1200 దగ్గరో 1333 దగ్గరో ఆగిపోయి, 1600 మాత్రం ఎక్స్‌ఎంపీ గడిలో ఉంటే చిక్కు అక్కడే. ఎక్స్‌ఎంపీ అంటే ప్రమాణాన్ని మించిన వేగం కోసం తయారీదారు రాసిపెట్టిన పట్టిక. దాన్ని బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో) మనమే ఆన్ చేయాలి. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఆ మీట ఉంటుంది, ఎక్కువ ల్యాప్‌టాప్‌ల్లో ఉండదు. లేని మీట కోసం బయోస్ అంతా గాలించి లాభం లేదు.

కాబట్టి జాగ్రత్త కొనేటప్పుడే పడాలి. లేబుల్ మీద ‘పీసీ4-3200ఏఏ’ అని ఉందా చూడండి. చివరి ‘ఏఏ’ అంటే జేడెక్ 3200, టైమింగ్స్ 22-22-22. 2400కి అదే చోట ‘టీ’, 2666కి ‘వీ’ ఉంటాయి. సీఎల్16 (సీఎల్ అంటే టైమింగ్స్‌లో మొదటి అంకె) అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మే స్టిక్ మీద మోజు పడొద్దు. ఆ 16 ఎక్స్‌ఎంపీతో వచ్చేదైతే మీ ల్యాప్‌టాప్‌లో అది 2400కో 2666కో జారిపోవచ్చు. నా లెక్కలో ల్యాప్‌టాప్‌కు సాదా సీఎల్22 స్టిక్కే నయం. కింగ్‌స్టన్ ఫ్యూరీ ఇంపాక్ట్‌లో కొన్ని రకాలు పైవేగాన్ని మామూలు పట్టికలోనే పెట్టుకుని వస్తాయి, అవీ పర్వాలేదు.

రెండు స్టిక్‌లు ఉన్నప్పుడు జోడెద్దుల సంగతే: నెమ్మదిగా నడిచేదాని నడకే బండి నడక. బోర్డుకు అతికించి వచ్చిన 8 జీబీ 2666 అయితే పక్కన ఎంత ఖరీదైనది పెట్టినా 2666 దాటదు.

అలాగని పాత స్టిక్ తీసేసి కొత్తదొక్కటే ఉంచకండి. ఒక్కో చానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి) 64 బిట్లు, అంటే 8 బైట్లు. ఒంటరి 3200 స్టిక్ సెకనుకు 25.6 జీబీ అందిస్తే, రెండు చానళ్లలో 2400లు కలిసి 38.4 జీబీ అందిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేనివాళ్లకు ఈ తేడా ఆటల్లో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 1135జీ7 ల్యాప్‌టాప్‌లో ఒకే స్టిక్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ పేరును విండోస్ ‘ఐరిస్ ఎక్స్‌ఈ’ అని కాకుండా ‘యూహెచ్‌డీ’ అని చూపిస్తుంది. రెండోది పెట్టగానే పేరు మారుతుంది.

ఈ వారం అభ్యాసం: మీ ప్రాసెసర్ హద్దు, జేడెక్ గడుల్లోని పెద్ద అంకెకు రెట్టింపు, టాస్క్ మేనేజర్ స్పీడు – మూడూ ఒక కాగితం మీద రాయండి. మూడోది మొదటి రెంటిలో చిన్నదానికి సమానమైతే మూత బిగించేయండి. తక్కువైతే పక్క స్టిక్ లేబుల్ చదవండి, తర్వాత తయారీదారు సైట్లో కొత్త బయోస్ ఉందేమో చూడండి. వచ్చే పాఠంలో డీడీఆర్5: 4800, 5600.