చదరంగ పాఠాలు – 9: అనుకరణ ఎక్కడ ఆగాలి?

గత పాఠంలో ఫ్రెంచ్ రక్షణలోని మార్పిడి పద్ధతితో (1. ఇ4 ఇ6 2. డి4 డి5, ఆపై డి5లో బంట్ల మార్పిడి) డ్రాగా ముగిసిన టోర్నమెంటు ఆటను చూశాక, నల్ల పావులతో ఎదుటివారి ఎత్తునే తిరిగి వేస్తూ పోతే అర పాయింటు దక్కుతుందని పలువురు పాఠకులు భావించి, ఆ నమ్మకంతోనే ఆడి ఓడిపోయారు. అందువల్ల ఏనుగుల ముగింపుల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

ఆ ఆట డ్రా కావడానికి కారణం అనుకరణ కాదు. డి5 గడిలో బంట్లు మారాక పూర్తిగా తెరుచుకున్న నిలువు వరుస ‘ఇ’ ఒక్కటే కాబట్టి, ఇరువైపుల ఏనుగులూ అక్కడికే చేరి తుడిచిపెట్టుకుపోయాయి. దాడికి చాలినంత బలం ఎవరికీ మిగలలేదు. గెలుపే కావాలనుకుంటే సమరూపాన్ని మీరే ముందుగా చెదరగొట్టాలి. నేనైతే నల్ల గుర్రాన్ని ఎఫ్6కు కాక ఇ7కు తెస్తాను.

ఎక్కువమంది పడిన గుంట పెట్రోఫ్ రక్షణలో ఉంది (ప్రతి అంకె తర్వాత మొదటిది తెల్ల ఎత్తు, రెండోది నల్ల ఎత్తు; పావు పేరు లేకపోతే బంటు): 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 3. తెల్ల గుర్రం ఇ5 బంటును తీస్తుంది. ఇక్కడ నల్ల గుర్రంతో వెంటనే ఇ4 బంటును తీస్తే, 4. మంత్రి ఇ2 వస్తుంది. కంగారుపడి గుర్రాన్ని ఎఫ్6కు వెనక్కు లాగారా, 5. గుర్రం సి6! గుర్రం పక్కకు తప్పుకోవడంతో ఇ2లోని మంత్రి నుంచి నల్ల రాజుకు చెక్ పడుతుంది. అదే గుర్రం డి8లోని మంత్రినీ పట్టుకుంటుంది. చెక్‌ను తప్పించక తీరదు, మంత్రి దక్కదు. నాలుగో ఎత్తుకు గుర్రాన్ని కదపక మంత్రిని ఇ7కు తెచ్చినా ఒక బంటు పోతుంది. కాబట్టి ముందు నల్ల మూడో ఎత్తుగా డి6 (3... డి6) వేసి తెల్ల గుర్రాన్ని వెళ్లగొట్టండి, ఆ తర్వాతే ఇ4 బంటును తీయండి. ఈ క్రమం తారుమారు కాకూడదు.

అభ్యాసం: 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3 గుర్రం సి6 3. గుర్రం సి3 గుర్రం ఎఫ్6 4. శకటం బి5 శకటం బి4 5. ఇరువైపులా రాజు పక్క కాస్లింగ్ (రాజు రెండు గళ్లు జరగగా ఏనుగు దాని అవతలి పక్కకు రావడం) 6. డి3 డి6 7. శకటం జి5 శకటం జి4 8. గుర్రం డి5 గుర్రం డి4 9. గుర్రం బి4 శకటాన్ని, నల్ల గుర్రం బి5 శకటాన్ని తీస్తాయి 10. గుర్రం డి5 గుర్రం డి4 11. మంత్రి డి2 మంత్రి డి7. ఇక్కడ తెల్ల శకటం ఎఫ్6 గుర్రాన్ని తీయగా, నల్ల శకటం అలాగే ఎఫ్3 గుర్రాన్ని తీసింది. తెల్లకు 16వ ఎత్తులో మాట్ (రాజు తప్పించుకోలేని చెక్) ఉంది. పావులు కదపకుండా చూపుతోనే కనిపెట్టి, మధ్యలో నల్ల రాజు తప్పుకోకుండా మంత్రితో తెల్ల గుర్రాన్ని తీస్తే ఏమవుతుందో కూడా రాయండి.