మేడ మీద వైఫై నత్తనడక: మెష్ కొనే ముందు, కొన్నాక

విజయనగరంలో మా ఇల్లు జీ ప్లస్ టూ. రూటరు కింద హాల్లో టీవీ షోకేసు లోపల ఉండేది. పై అంతస్తు గదిలో మా అప్ప కూతురు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటుంది, వీడియో మీటింగు ఆగిపోయినప్పుడల్లా "మామయ్యా, మళ్లీ పోయింది" అని మెట్ల మీద నుంచి పిలిచేది. పాపం, రోజూ అదే టెన్షన్. మన దగ్గర అన్నీ ఇలాంటి శ్లాబు ఇళ్లే కాబట్టి, మాకు పనికొచ్చింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

రూటరు పక్కనే స్లోగా ఉందా?

ముందు ఇది తేల్చుకోండి. రూటరుకు రెండడుగుల దూరంలో నిలబడి, 5 గిగాహెర్ట్జ్ పేరుకు (చాలా రూటర్లు 2.4, 5 అని రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తాయి) కనెక్ట్ అయి స్పీడ్ టెస్ట్ చేయండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి అక్కడే 20 వస్తుంటే తప్పు లైన్లోనో పాత రూటర్లోనో ఉంది, నెట్ వాళ్లని పిలిపించాలి. మెష్‌కి (ఇంట్లో రెండు మూడు చోట్ల డబ్బాలు పెట్టి ఒకే వైఫైని పంచే సెట్టు) పెట్టే డబ్బు అప్పుడు వృథా.

కింద బాగుంది, పైకి వెళ్తే చచ్చిపోతోంది

మాకు కింద 94, రెండో అంతస్తులో 6. కారణం శ్లాబు. కాంక్రీటు ఒక ఎత్తు, అందులో జల్లెడలా కట్టిన ఇనుప ఊచలు ఇంకో ఎత్తు, పైగా సిగ్నల్ అలాంటివి రెండు దాటాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు, శ్లాబులు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 కొంచెం ఎక్కువ దూరం పోతుంది గానీ వేగం తక్కువ, పక్కిళ్ల రూటర్లన్నీ అందులోనే గుమిగూడతాయి (రూటరు సెట్టింగుల్లో ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకోండి, ఆటోలో వదిలేయకండి).

పైసా ఖర్చు లేని పని ముందు చేయండి: రూటరుని షోకేసులోంచి తీసి మెట్ల దగ్గర, మనిషి ఎత్తులో పెట్టండి. మెట్ల దారిలో శ్లాబు ఉండదు కదా, సిగ్నల్ అటు నుంచే పైకెక్కుతుంది. మాకు ఆ ఒక్క మార్పుతో మొదటి అంతస్తు బాగుపడింది. రెండో అంతస్తుకి మాత్రం చాలలేదు, మెష్ కొన్నాం.

మెష్ పెట్టాక గీతలు నిండుగా ఉన్నాయి, స్పీడు లేదు

ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు, నేనూ మోసపోయాను. రెండో డబ్బాని తిన్నగా అమ్మాయి బల్ల మీద పెట్టాను. ఫోన్‌లో గీతలన్నీ నిండాయి, వేగం చూస్తే 8. ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కీ ఆ డబ్బాకీ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి, ఆ డబ్బాకి కింద నుంచి ఎంత అందుతోందో చెప్పవు. తనకే అందనిది అది మనకేం పంచుతుంది? డబ్బాని నెట్ రాని చోట కాదు, నెట్ ఇంకా బాగా వస్తున్న చివరి చోట పెట్టాలి. మొదటి అంతస్తు మెట్ల మలుపులోకి మార్చాం, పైన 50 దాటింది.

ఇంకా కావాలంటే డబ్బాల మధ్య కేబుల్ లాగడమే. గాలిలో అయితే మామూలు డ్యూయల్ బ్యాండ్ మెష్ ఒకే రేడియోతో కింద నుంచి తీసుకోవాలి, అదే రేడియోతో మీకివ్వాలి, అందుకే సగం అక్కడే పోతుంది. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మూడంతస్తులకి అందులో సగం కూడా పట్టదు. వేసే అబ్బాయికి ఎనిమిది తీగలూ కనెక్టర్లో కలపమని గట్టిగా చెప్పండి, నాలుగే కలిపితే ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా 100 దాటదు. గోడలో కరెంటు పైపులోంచి లాగకండి, వేరే పైపు వేయించండి. బయట నుంచి సన్‌షేడ్ మీదుగా లాగడం తేలికే గానీ మన జిల్లాలో పిడుగుల సంగతి తెలిసిందే, బయట తిరిగే రాగి తీగ దగ్గర్లో పిడుగు పడినా ఆ పోటు లోపలికి తెచ్చి రెండు డబ్బాలూ కాల్చేయగలదు. మేం మెట్ల గది లోపల నుంచే తెచ్చాం. ఇప్పుడు పైన కూడా 90 పైనే.

ఫోన్ పైకి వచ్చినా కింది వైఫైనే పట్టుకుని వేలాడుతోంది

నెట్ వాళ్ల పాత రూటరు వైఫై ఇంకా ఆన్‌లో ఉంది. దాన్ని ఆపేయండి. రూటరు పని ఆ పాతదే చేస్తుంటే మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రూటరు పని చేయకుండా వైఫై మాత్రమే పంచే సెట్టింగు) పెట్టండి, లేకపోతే రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి నడిచి, బయట నుంచి సీసీ కెమెరా చూడటం, కొన్ని ఆటలు ఆడటం కుదరకపోవచ్చు.

కరెంటు పోతే పైన మాత్రమే నెట్ పోతోంది

కింది రూటరు ఇన్వర్టర్ లైన్లో ఉంది, పై డబ్బా లేదు. ఆ ప్లగ్గు కూడా ఇన్వర్టర్‌కి కలిపించండి.