పరిశోధన ల్యాబ్‌లో ఉమ్మడి బాధ్యతల పత్రం రాసుకునే పద్ధతి

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురు స్కాలర్లకు (పరిశోధక విద్యార్థులకు) గైడ్‌గా ఉండవచ్చు. అంటే ఒకే ల్యాబ్‌ను పలువురు పంచుకోవాలి. వరంగల్, హనుమకొండల్లోని ఏ సైన్సు విభాగంలో చూసినా, నిన్నగాక మొన్న చేరిన స్కాలరూ, థీసిస్ రాసుకుంటున్న సీనియరూ ఒకే ఫ్యూమ్ హుడ్‌ను (విషవాయువులను బయటికి లాగే అరను), ఒకే డీప్ ఫ్రీజర్‌ను వాడుకోవలసి ఉంటుంది. అందరూ వాడుకునే పరికరం బాగోగులు ఎవరు చూడాలో పేరుతో సహా కాగితం మీద లేకపోతే, ఆ పని కొత్తగా చేరినవారి మీదనో, కాదనలేని మెత్తని మనిషి మీదనో పడుతుంది. అందుకే ప్రతి ల్యాబ్‌కూ ఒక ఉమ్మడి బాధ్యతల పత్రం ఉండాలి. రసాయన, జీవశాస్త్ర ల్యాబులను దృష్టిలో ఉంచుకుని దాన్ని ఎలా రాసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా గైడ్‌తో సహా అందరూ ఒక పూట కూర్చుని, ల్యాబ్‌లో ఎవరి సొంత ప్రయోగానికీ చెందని పనులన్నింటినీ రాయాలి. డిస్టిల్డ్ వాటర్ తయారీ, ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పరికరం) నిర్వహణ, ఇండెంట్లు (కావలసిన సరుకుల కోసం అర్జీలు) పెట్టడం, స్టాక్ రిజిస్టర్ రాయడం, గ్యాస్ సిలిండర్ల మార్పు, వ్యర్థాల అప్పగింత వంటివన్నీ అందులోకి వస్తాయి. ఒక్కో పనికి ఒక బాధ్యుడి పేరు, ఆయన లేనప్పుడు చూసుకునే మరొకరి పేరు ఉండాలి. ఆరు నెలలకోసారి వంతులు మార్చాలి. గ్లాస్‌వేర్ కడగడం, ల్యాబ్‌కు వచ్చినవారికి టీ తెప్పించడం మహిళా స్కాలర్లకూ, కొటేషన్లు, కొనుగోళ్ల వ్యవహారం మగవారికీ వాటంతటవే చేరిపోయే అలవాటు చాలా చోట్ల ఉంది. వంతుల పట్టిక రాసేటప్పుడే దాన్ని తెంచాలి. మహిళా స్కాలర్లకు అవే యూజీసీ నిబంధనల ప్రకారం 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉంది కనుక, ఆ కాలంలో ఆమె వంతును ఎవరెవరు పంచుకుంటారో సెలవుకు ముందే తేల్చుకోవాలి. తిరిగి వచ్చిన తర్వాత పాత వంతులను బాకీగా చూపకూడదు.

మన ప్రాంతంలో ఈ పత్రం ఎక్కువ శ్రద్ధగా పట్టించుకోవలసింది ఎండాకాలాన్ని. మే నెలలో వరంగల్‌లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ల్యాబ్‌లో వాడే ద్రావకాల్లో డైఈథైల్ ఈథర్ సుమారు 35 డిగ్రీలకే, డైక్లోరోమీథేన్ సుమారు 40 డిగ్రీలకే మరుగుతాయి. అంటే ఏసీ లేని గదిలో, కిటికీ పక్క అల్మారాలో పెట్టిన ఈథర్ సీసాలో మూత బిగించి ఉన్నా ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. అలాగని దాన్ని ఇంట్లో వాడే రకం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎందుకంటే లోపలి స్విచ్చు, థర్మోస్టాట్ నిప్పురవ్వకు కారణమై ఆవిరి అంటుకోవచ్చు. మండే ద్రావకాల కోసం ప్రత్యేకంగా తయారైన ఫ్రిజ్ లేకపోతే, వేసవిలో ఈథర్‌ను అవసరానికి మించి నిల్వ చేయకూడదని పత్రంలో రాయండి. ఈథర్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ సీసాల మీద తెరిచిన తేదీ కూడా తప్పనిసరి, ఎందుకంటే గాలి తగిలి నిల్వ ఉన్నకొద్దీ వాటిలో పేలిపోయే పెరాక్సైడులు ఏర్పడతాయి.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే లోపలి చల్లదనం కొన్ని గంటలు నిలుస్తుంది. ఏముందో చూద్దామని ఒకరి తర్వాత ఒకరు తెరిస్తే ఆ వ్యవధి తగ్గిపోతుంది. కాబట్టి లోపల ఏ అరలో ఎవరి నమూనాలు ఉన్నాయో చూపే పటం తలుపు మీదే అతికించాలి. కరెంటు తిరిగి వచ్చే క్షణంలో వోల్టేజీ ఎగుడుదిగుడు కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది కనుక, కొంత ఆలస్యంగా సరఫరా ఇచ్చే స్టెబిలైజర్ ఉండాలి. సెలవుల్లో పొదుపు కోసం గది ఏసీ ఆపేస్తే ఫ్రీజర్ తన వేడిని బయటికి పంపలేక అలసిపోతుంది. ఏళ్ల తరబడి సేకరించిన నమూనాలు అలా పాడైతే మళ్లీ తెచ్చుకోలేం కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదని నా అభిప్రాయం.

బతుకమ్మ, దసరా సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి. ఆదిలాబాద్, మంచిర్యాల వైపు వెళ్లే స్కాలర్లు వెళ్లిపోయాక, హనుమకొండలోనే ఇల్లు ఉన్నవారి మీదనే ప్రతి ఏడూ భారం పడటం న్యాయం కాదు. దసరాకు కాపలా ఉన్నవారికి సంక్రాంతికో, ఉగాదికో ఇంటికి వెళ్లే వంతు ఇవ్వాలి. ద్రవ నత్రజని హైదరాబాద్ నుంచి తెప్పించుకునే ల్యాబులు మేడారం జాతర జరిగే ఏడాది దారిలోని రద్దీని లెక్కలోకి తీసుకుని, జాతరకు ముందే డ్యూవార్ (ఆ ద్రవాన్ని నిల్వ చేసే పాత్ర) నింపించుకోవాలి. మైనస్ 196 డిగ్రీల ఆ ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లు వ్యాపించి గదిలోని ఆక్సిజన్‌ను తోసేస్తుంది. అందువల్ల దాన్ని మనుషులతో పాటు లిఫ్టులో తీసుకెళ్లకూడదు, గాలి చొరబడని మూత బిగించకూడదు.

వ్యర్థాల గురించి రాసేటప్పుడు వాక్యాలు ఆజ్ఞల్లా స్పష్టంగా ఉండాలి. క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ వంటి క్లోరిన్ ఉన్న ద్రావకాలను ఒక డబ్బాలో, తక్కినవాటిని మరో డబ్బాలో పోయాలి. అసిటోన్, క్లోరోఫాం క్షారం సమక్షంలో కలిస్తే తీవ్రమైన వేడి పుట్టి పేలుడుకు దారితీయవచ్చు. నత్రికామ్లాన్ని ద్రావకాల డబ్బాలో ఎన్నడూ పోయకూడదు, ఎందుకంటే పుట్టే వాయువులు మూసిన డబ్బాను పగలగొడతాయి. సూక్ష్మజీవుల కల్చర్లను పారవేసే ముందు 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేయాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన చేతి తొడుగులు, ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి, సూదులు మాత్రం వాటి మొన బయటికి దిగని గట్టి తెల్లని డబ్బాలోకి వెళ్లాలి. గది ఊడ్చే ఆయమ్మకు ఈ డబ్బాలు ఎత్తమని చెప్పడం బాధ్యత బదలాయించడమే అవుతుంది, అది ఆమె పని కాదు. హెచ్చరికలు తెలుగులో కూడా పెద్ద అక్షరాలతో రాయాలి, ఆమె చదివేదీ అదే భాష.

రాత్రిపూట ఒంటరిగా ప్రమాదకరమైన ప్రయోగం చేయకూడదని, పిలిస్తే వినపడే దూరంలో మరొకరు ఉండాలని రాసుకోవాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు, దగ్గరి ఆసుపత్రి నంబరు తలుపు పక్కన ఉండాలి.

ఇక నోటుబుక్కులు. పేజీ నంబర్లున్న పుస్తకంలో ఏ రోజు పని ఆ రోజే పెన్నుతో రాయాలి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయాలి తప్ప కాగితం చించకూడదు. ఫలించని ప్రయోగాన్ని కూడా రాయాలి, లేకపోతే తర్వాత వచ్చేవారు అదే దారిలో అదే రసాయనాన్ని మళ్లీ వృథా చేస్తారు. పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ ఉండాలన్న మాట పని మొదలయ్యేటప్పుడే జరగాలి. పరికరం అరువిచ్చినందుకు కృతజ్ఞతల్లో పేరు చాలు. ప్రయోగం రూపొందించి, ఫలితాలను విశ్లేషించి, రాతలో పాలుపంచుకున్నవారు జూనియర్లయినా రచయితలే. ఇక్కడ సీనియారిటీని కొలమానంగా పెట్టుకోవడం ల్యాబ్‌లోని నమ్మకాన్ని లోపల్నుంచే తినేస్తుంది.

ల్యాబ్ వదిలి వెళ్లే స్కాలర్ విషయంలో నో డ్యూస్ (బాకీలేమీ లేవని ఇచ్చే పత్రం) మీద గైడ్ సంతకానికి ముందు ఒక వారం అప్పగింతకు కేటాయించాలి. నోటుబుక్కులు అసలు ప్రతులే ల్యాబ్‌లో ఉండాలి, నకళ్లు స్కాలర్ తీసుకెళ్లవచ్చు. ముడి డేటాను ల్యాబ్ హార్డ్ డిస్కులో కాపీ చేసి, ఫైళ్ల పేర్లకు అర్థం చెప్పే ఒక పేజీ జతచేయాలి. ఫ్రీజర్‌లోని తన పెట్టెలను వారసుడితో కలిసి తెరిచి, పనికిరానివి పారేసి, మిగిలిన వాటి లేబుళ్ల మీద కొత్త బాధ్యుడి పేరు రాయించాలి.