ఎదిగే వయసు నవల రాయడం – నాలుగో పాఠం: జరిగిన వయసు, చెప్పే వయసు

ఏ గుంపులోనూ ఇమడలేకపోతున్న పద్నాలుగేళ్ల అబ్బాయో అమ్మాయో తన గొంతుతో చెప్పే ఒక పేజీ రాయమని గత పాఠం చివర అడిగాను. వచ్చిన పేజీల్లో సంభాషణలు బాగున్నాయి, పరిసరాల వర్ణన కూడా శ్రద్ధగా ఉంది. అయితే చాలామంది ఒకే చోట తడబడ్డారు. ‘అందరిలా లేనన్న ఆత్మన్యూనత నన్ను లోలోపల తినేస్తూ ఉండేది, ఆ వయసులో అది సహజమేనని తెలుసుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది’ అన్న ధోరణిలోనే ఎక్కువ పేజీలు నడిచాయి. ఆ వాక్యాల వెనుక నలభై ఏళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. కాబట్టి ఈసారి చెప్పాలనుకున్న కథాస్థలం సంగతిని వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈ ఒక్క చిక్కునే విప్పుకుందాం.

ఉత్తమపురుషలో, అంటే ‘నేను’ అంటూ సాగే నవలకు రెండు వయసులు ఉంటాయి. సంఘటన జరిగినప్పటి వయసు ఒకటి, దాన్ని చెబుతున్నప్పటి వయసు మరొకటి. ఈ రెంటి మధ్య దూరం ఎంతో, ఆ దూరంలో కథకుడు ఏం తెలుసుకున్నాడో, ఎవరికి చెబుతున్నాడో మొదటి వాక్యం రాయకముందే నిర్ణయించుకోవాలి.

దీనికి నేను ఎప్పుడూ ముందుగా చూపించే నవల ఎస్. ఇ. హింటన్ రాసిన ‘ది ఔట్‌సైడర్స్’. ఓక్లహామాలోని టల్సాలో చదువుకుంటూ పదిహేనేళ్ల వయసులో ఆమె దాన్ని మొదలుపెట్టింది. 1967లో పుస్తకం వెలువడేనాటికి ఆమెకు 18 ఏళ్లు. కథ చెప్పే పోనీబాయ్‌కి పద్నాలుగేళ్లు. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోవడంతో, ఇరవై ఏళ్ల పెద్దన్న డారీ కాలేజీ ఆశ వదులుకుని, ఇళ్ల పైకప్పులు వేసే పనితో ఇల్లు నడుపుతుంటాడు. అన్నకు తానంటే ఇష్టం లేదని, తాను ఏం చేసినా తప్పే పడతాడని పోనీబాయ్ మొదటి అధ్యాయం నుంచీ చెబుతాడు. ఆస్పత్రిలో అన్న ఏడవడం చూసినప్పుడు గాని, తల్లిదండ్రుల్లాగే తమ్ముడూ పోతాడేమోనన్న భయమే ఆ కాఠిన్యానికి మూలమని అతనికి అర్థం కాదు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మనం చదువుతున్నదంతా ఇంగ్లిషు మాస్టారు అడిగిన వ్యాసంగా అతను రాసినదేనని చివరి పేజీలో తెలుస్తుంది. నవల మొదటి వాక్యమే చివరి వాక్యంగా మళ్లీ వస్తుంది. అంటే మొదటి అధ్యాయం రాస్తున్నప్పటికే పోనీబాయ్‌కి అన్న ప్రేమ సంగతి తెలుసు. అయినా ఆ తెలిసినదాన్ని వెనక్కి తీసుకెళ్లి మొదటి అధ్యాయంలో పెట్టలేదు; అప్పటి కోపాన్ని అప్పటి కోపంగానే ఉంచాడు. మన పేజీల్లో లోపించినది ఈ నిగ్రహమే.

1951 నాటి శాలింజర్ నవల ‘ది క్యాచర్ ఇన్ ద రై’లో దూరం కొంచెం ఎక్కువ. పదహారేళ్లప్పుడు జరిగినదాన్ని కథకుడు హోల్డెన్ పదిహేడో ఏట చెబుతాడు. తమ్ముడు ఆలీ చనిపోయిన రాత్రి గరాజు కిటికీల అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టానని చెప్పి, అది తెలివితక్కువ పనేనని ఒప్పుకుంటాడు గాని దాన్ని దుఃఖమని విడమరచి చెప్పడు. తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ మీద ఆకుపచ్చ సిరాతో రాసి ఉన్న కవితల గురించి మాత్రం తీరుబడిగా చెబుతాడు. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చదవండి.

పెద్దయ్యాక వెనుదిరిగి చూసుకుంటూ చెప్పే గొప్ప నవలలు లేకపోలేదు. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ అలాంటిదే. అయినా కొత్తగా రాసేవారు ఏడాదికి మించిన దూరం పెట్టుకోకూడదన్నది నా అభిప్రాయం. దూరం పెరిగేకొద్దీ తీర్పు చెప్పాలన్న కోరికా పెరుగుతుంది.

తెలుగులో ఈ కోరిక క్రియల రూపంలో చొరబడుతుంది. ‘కూర్చునేదాన్ని, చూసేవాణ్ని, అనిపించేది’ అన్న క్రియలు వరుసగా పడితే, ఏ రోజునా ఏదీ జరగదు. అంతా జ్ఞాపకాల ఆవిరిగా మారిపోతుంది. వాటి వెంటే ‘నిజానికి’, ‘ఇప్పుడు తలచుకుంటే’ వస్తాయి. ఆ తరువాత ఒంటరితనం, పరాయీకరణ, అస్తిత్వం అన్న నామవాచకాలు వచ్చి కూర్చుంటాయి. గుంపుకు బయట ఉన్న పిల్లలకు తమ స్థితికి పేరు తెలియదు. తెలిసినా పైకి అనరు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు పిలవలేదో మాత్రం వారికి క్షుణ్ణంగా తెలుసు. ఈ రెండు ముక్కలు పోల్చండి.

‘కొత్త బడిలో నేను ఒంటరిగా ఉండేదాన్ని. ఎవరూ నాతో కలిసి తినేవారు కాదు.’

‘ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గరికి వెళ్లి గ్లాసు కడిగాను. తిరిగి వచ్చేసరికి నా బెంచీ మీద రమ్య వాళ్లు బాక్సులు పరిచారు. వాళ్లు ఐదుగురు, చోటు చాలదు కదా. మళ్లీ వెళ్లి గంట కొట్టేదాకా గ్లాసు కడిగాను.’

రెండో అమ్మాయి తనకు అన్యాయం జరిగిందని అనలేదు. పైగా వాళ్ల తరఫున కారణం కూడా చెప్పింది. ఆ కారణాన్ని పాఠకుడు నమ్మడు. ఆమె నమ్ముతోందా లేదా అన్న సందేహంలోనే ఆమె మనకు దగ్గరవుతుంది. దిద్దేటప్పుడు నేను ‘ఏవాణ్ని’, ‘ఏదాన్ని’, ‘ఏది’ అని ముగిసే క్రియల కింద గీతలు గీసి, పేజీకి రెండు మించితే మిగిలినవన్నీ ఒక నిర్దిష్టమైన రోజుకు మారుస్తాను.

ప్రథమపురుషలో, అంటే ‘అతను’, ‘ఆమె’ అంటూ రాయదలచినవారు కార్సన్ మెకల్లర్స్ 1946 నవల ‘ది మెంబర్ ఆఫ్ ద వెడింగ్’ చూడవచ్చు. దేనిలోనూ సభ్యత్వం లేని పన్నెండేళ్ల పిల్లను మొదటి భాగంలో ఫ్రాంకీ అనీ, రెండో భాగంలో ఎఫ్. జాస్మిన్ అనీ, మూడో భాగంలో ఫ్రాన్సెస్ అనీ రచయిత్రి పిలుస్తుంది. వ్యాఖ్యానమేమీ లేకుండా, పేరు మార్పుతోనే ఎదుగుదల తెలిసిపోతుంది.

అభ్యాసం: గత పాఠం పేజీని పక్కన పెట్టి, అదే సన్నివేశాన్ని మూడుసార్లు కొత్తగా రాయండి. మొదటిది అదే రాత్రి నోటుబుక్కులో రాసుకున్నట్టు, రెండోది నాలుగు నెలల తరువాత టీచరుకు ఇచ్చే వ్యాసంలా, మూడోది ఏడాది తరువాత ఆ బడిలో కొత్తగా చేరిన మరొక పిల్లకు చెబుతున్నట్టు ఉండాలి. మూడింటిలోనూ మనోభావాల పేర్లు ఒక్కటీ రాకూడదు. కథకుడు అప్పుడు పొరపడిన విషయం ఒకటి మూడింటిలోనూ ఉండాలి. అది పొరపాటని మూడోదాంట్లో అతనికి తెలిసి ఉండాలి, కాని ఆ మాట పైకి అనకూడదు. పూర్తయ్యాక కథ తెలియని ఒకరికి మూడో పేజీ మాత్రమే ఇచ్చి, కథకుడు దాచినదేమిటో అడగండి. వారు చెప్పలేకపోతే మూడోదాన్ని కాక మొదటిదాన్ని తిరగరాయండి.