గూబర్‌తో స్టైలింగ్ – 3వ పాఠం: క్లాసు పేరు ఎలా పుడుతుంది

గూబర్ అంటే సీఎస్‌ఎస్‌ను (పేజీ రూపురేఖలు చెప్పే భాష) జావాస్క్రిప్ట్ లోపలే రాసుకోనిచ్చే చిన్న లైబ్రరీ. పోయిన పాఠంలో దామలచెరువు మామిడి మండీ ధరల పేజీకి రియాక్ట్‌లో (పేజీని కాంపోనెంట్లనే ముక్కలుగా కట్టే లైబ్రరీ) ఒక కార్డు చేశాం. ‘స్టైల్డ్’ అని రాసి, బ్రాకెట్లో ‘డివ్’ ఇచ్చి, బ్యాక్‌టిక్‌ల మధ్య మామూలు సీఎస్‌ఎస్సే రాశాం. తోతాపురి కార్డు పసుపు అంచుతో వచ్చింది. ఇప్పుడు దాని మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ తెరవండి. మీరెక్కడా రాయని క్లాసు (స్టైల్‌ను కార్డుకు తగిలించే పేరు) ఒకటి ఉంటుంది: ముందు ‘జీ ఓ’ అని రెండక్షరాలు, వెనకాల పొడవాటి సంఖ్య. ఈ పాఠమంతా ఆ సంఖ్య గురించే.

గూబర్ 11తో లెక్క మొదలుపెడుతుంది. మీ సీఎస్‌ఎస్‌లో ఒక్కో అక్షరాన్నీ చదువుతూ, చేతిలో ఉన్న సంఖ్యను 101తో గుణించి ఆ అక్షరం కోడు (కంప్యూటరు ఆ అక్షరానికి వాడే సంఖ్య) కలుపుతుంది. చిన్న ‘ఏ’ కోడు 97. పదకొండు నూటొకట్లు 1111, దానికి 97 కలిపితే 1208. తర్వాతి అక్షరం చిన్న ‘బీ’ అయితే, దాని కోడు 98, లెక్క 1,22,106కు చేరుతుంది. సంఖ్య హద్దు దాటకుండా 32 బిట్లకు కత్తిరిస్తుంది. అంతే, ఇంకేం లేదు. దయచేసి కాగితం మీద ఒకసారి చేసి చూడండి. చేత్తో చేసిన లెక్క మనసులోంచి పోదు.

దీనివల్ల ఏమవుతుంది? రాసింది ఒకటే అయితే క్లాసూ ఒకటే. పేజీలో యాభై కార్డులున్నా, హెడ్‌లో గూబర్ పెట్టుకున్న స్టైల్ ట్యాగులో రూలు ఒక్కసారే పడుతుంది. 2016లో వచ్చిన స్టైల్డ్ కాంపోనెంట్స్ అనే లైబ్రరీ ఇలా రాసే పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. జిప్ చేసి కుదించాక దాని బరువు దాదాపు 12 కిలోబైట్లు. గూబర్ ఒక కిలోబైటుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చెట్టు కింద ట్రాక్టరు ఆపుకుని, సిగ్నల్ అందీ అందని ఫోన్లో ధర చూసుకునే రైతుకు ఈ తేడా చిన్నది కాదని నా నమ్మకం.

స్టైల్ లోపల డాలరు గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి ఫంక్షన్ రాయొచ్చు. సరుకు అయిపోతే బూడిద రంగు, ఉంటే పసుపు. రెండు రకాల ఫలితాలు, కాబట్టి రెండు క్లాసులు. ఇంతవరకు హాయి.

నేను దెబ్బతిన్నది కాటా దగ్గర. చిన్నాయన మండీలో కాయల లోడు ఎంత తూగిందో చూపే పట్టీ ఒకటి పేజీలో పెట్టాను. బరువు మారినకొద్దీ పట్టీ వెడల్పు మారాలి. ఆ వెడల్పును స్టైల్ లోపలే ఫంక్షన్‌తో ఇచ్చాను. పొద్దున బాగానే నడిచింది. మధ్యాహ్నానికి ఫోను వేడెక్కి పేజీ ఈడ్వడం మొదలైంది. “ఏమిరా, కాటా కంటే నీ పేజీనే బరువైపోయిందే” అన్నాడు చిన్నాయన. ఇన్‌స్పెక్ట్ తెరిస్తే స్టైల్ ట్యాగు నిండా రూళ్లే! 61.2 శాతానికి ఒక క్లాసు, 61.3కు ఇంకొకటి. అక్షరం మారితే సంఖ్య మారుతుంది, సంఖ్య మారితే కొత్త రూలు పడుతుంది. పడిన రూలును గూబర్ తనంతట తాను తీసేయదు.

తప్పు గూబర్‌ది కాదు, నేను వాడిన తీరుది. దిద్దుబాటు ఇలా: స్టైల్‌లో వెడల్పు దగ్గర సీఎస్‌ఎస్ వేరియబుల్ పేరు మాత్రమే రాయండి, రెండు అడ్డగీతలతో మొదలయ్యేది. దాని విలువను కాంపోనెంటు పిలిచే చోట, రియాక్ట్ మామూలుగా ఇచ్చే స్టైల్ ప్రాప్‌లో (ప్రాప్ అంటే కాంపోనెంటుకు బయటి నుంచి అందించే విలువ) పంపండి. గూబర్ చదివే అక్షరాలు ఇక మారవు. బరువు వెయ్యిసార్లు మారినా క్లాసు ఒకటే, పట్టీ మాత్రం కదులుతుంది. రెండు మూడు రకాలుగా మారేవి ఫంక్షన్‌కు వదిలేయండి. కాటా ముల్లులా ఎడతెగక కదిలేవి వేరియబుల్‌లోకి పోవాలి.

అభ్యాసం: ముందు నేను చేసిన తప్పే కావాలని చేయండి. ఒక స్లైడరు పెట్టి, దాని విలువను ఫంక్షన్‌లోంచి వెడల్పుకు కట్టండి. స్లైడరు అటూ ఇటూ జరుపుతూ స్టైల్ ట్యాగు ఉబ్బడం కళ్లారా చూడండి. తర్వాత వేరియబుల్‌కు మార్చి మళ్లీ జరపండి. ఇంకొకటి: ఒకే స్టైల్‌ను రెండుచోట్ల రాసి, ఒకచోట ఒక్క ఖాళీ ఎక్కువ కొట్టండి. ఎన్ని క్లాసులు వచ్చాయో, ఎందుకు వచ్చాయో పైన చెప్పిన లెక్కతో మీరే తేల్చుకోండి.

వచ్చే పాఠంలో, పేజీ సర్వర్లోనే తయారైనప్పుడు ఈ రూళ్లను ముందుగా బయటికి తీసే ‘ఎక్స్‌ట్రాక్ట్ సీఎస్‌ఎస్’ చూద్దాం.