బుజ్జాయిలతో పార్కుకు వెళ్లే ముందు

సెలవులొస్తున్నాయి. ఇప్పుడిప్పుడే నడుస్తున్న పిల్లల్ని దగ్గర్లోని ఆటస్థలానికి తీసుకెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

- మెడలో గొలుసు, స్కార్ఫ్, టోపీ తాళ్లు ఇంట్లోనే తీసేయండి. జారుడుబల్ల పైన చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటాయి. అరవడానికి కూడా ఊపిరాడదు. సైకిల్ హెల్మెట్ కూడా వద్దు, ఆట పరికరాల మధ్య ఇరుకు ఖాళీల్లో తల ఇరుక్కుంటుంది.

- బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద జారకండి. అదే భద్రమని చాలామంది అనుకుంటారు, కానీ కాళ్లు విరిగేది ఎక్కువగా అలాగే. బిడ్డ బూటు అంచుకు పట్టేస్తే, మన బరువు మాత్రం కిందికి లాగుతూనే ఉంటుంది. మోకాలి కింద ఎముక విరిగిపోతుంది. బిడ్డ ఒక్కతే జారుతుంటే కాలు ఆగినప్పుడు తనూ ఆగుతుంది. ఒంటరిగా జారలేకపోతే ఆ బల్ల ఇంకా తన వయసుకు కాదు, పక్కన ఇసుకలో ఆడనివ్వండి.

- గేటు గడియ పడుతుందో లేదో లోపలికి వెళ్లగానే చూడండి. బంతి బయటికి దొర్లితే పిల్లలు రోడ్డు చూడరు.

- జారుడుబల్ల మీద ముందు మీ చెయ్యి ఆనించండి. ఎండలో ఇనుమే కాదు, ప్లాస్టిక్, రబ్బరు నేల కూడా లేత చర్మాన్ని కాలుస్తాయి.

- ఊగే ఊయలకు దూరంగా నిలబడండి. పెద్దపిల్లలు మధ్యలో ఆపలేరు.

- ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేయండి.