గుట్ట అవతల జెండా: కనపడని హోల్ వేసుకోవడం, ఆడడం

మా చెలకలో మూడు గోల్ఫ్ హోల్స్ వేశాను. హోల్ అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి జెండా పాతిన గుంత దాకా ఆడే దారి. రెండు మామూలువే, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వచ్చినవాళ్లు ఫొటో దిగేది, తిట్టుకునేది మూడోదాని దగ్గరే. టీ మీద, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడితే ఎదురుగా గుట్ట తప్ప ఏమీ కనపడదు. జెండా గుట్టకు అవతల ఉంటుంది. దేవరకొండ చుట్టుపక్కల చిన్న గుట్ట లేని ఊరు తక్కువ కాబట్టి, బీడు భూమి ఉండి సరదా ఉన్నవాళ్లు ఎవరైనా ఇలాంటిది వేసుకోవచ్చు. ఎట్లా వేయాలో, ఎట్లా ఆడాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. నాకు ఈ ఆట పట్టుబడింది మిలిటరీలో. కంటోన్మెంట్ మైదానాల్లో ఆఫీసర్ల బ్యాగులు మోస్తూ, చూస్తూ నేర్చుకున్నాను.

కనపడని హోల్ అంటే లాటరీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మొదటిసారి ఆడేవాడికి లాటరీయే కావచ్చు. గుట్ట ఎక్కి అవతల చూసి దిగొచ్చినవాడికి కాదు. పాత మైదానాల్లో ఇలాంటివి చాలా ఉండేవి. 1860లో మొదటి బ్రిటిష్ ఓపెన్ పోటీ జరిగిన స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఐదో హోల్ పేరే హిమాలయాస్. పెద్ద ఇసుక దిబ్బ మీదుగా కొట్టాలి, గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) కనపడదు. ఐర్లండ్‌లోని లహించ్‌లో డెల్ అనే పార్ త్రీ, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, ఉంది. రెండు దిబ్బల నడుమ గ్రీన్ దాక్కుని ఉంటుంది. పాతకాలపు స్కాట్లండ్ ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ నాటి హోల్ అది. 1927లో గోల్ఫ్ మైదానాల రూపశిల్పి అలిస్టర్ మెకంజీ ఆ మైదానాన్ని మార్చి వేసినప్పుడు కూడా దాని జోలికి పోలేదు. అక్కడ దిబ్బ మీద ఒక తెల్ల రాయి ఉంటుంది. జెండా ఎటు మారితే రాయినీ అటు జరుపుతారు. ఆ రాయి మీదుగా కొట్టడమే. నేను కాపీ కొట్టింది ఈ రాయినే.

ముందు గుట్టను ఎంచుకోవాలి. ఉత్త గుండ్లున్న గుట్ట వద్దు. దెబ్బ బంతి నెత్తికి తగిలితే అది కింద నుంచి పోతుంది, అట్లా పోయి బండకు కొట్టుకుంటే వచ్చిన దారినే వెనక్కి వస్తుంది, అదీ మనిషి ఎత్తులో. టీ వైపు వాలు మట్టితో, గడ్డితో ఉండాలి. ఎత్తు విషయంలో నేను పెట్టుకున్న లెక్క ఇది: టీ నుంచి గుట్ట కొసకు ప్రతి పది గజాల దూరానికి గజంన్నర ఎత్తు దాటకూడదు. మా గుట్ట కొస టీకి 55 గజాల దూరంలో ఉంది, ఎత్తు సుమారు 8 గజాలు. ఫోన్‌ను అంచు మీద పెట్టి కొసను గురి చూస్తే లెవెల్ యాప్‌లో ఎనిమిది డిగ్రీలకు కాస్త పైన చూపిస్తుంది. ఏడో నంబర్ ఐరన్‌తో (ఇనుప తల ఉన్న ఆట కర్ర) సరిగ్గా తగిలిన బంతి అంతకు రెట్టింపు కోణంలో లేస్తుంది, కాబట్టి నేర్చుకునే పిల్లలు కూడా దాటించగలరు. ఇంకా నిటారు గుట్ట అయితే మొదటి రోజే విసిగిపోయి ఇంటికి పోతారు. జెండా టీ నుంచి 135 గజాల్లో ఉంది. హోల్‌ను తూర్పు నుంచి పడమరకు వేశాను, ఆడేది పొద్దున్నే కాబట్టి. సాయంత్రం ఆడే ఉద్దేశం ఉంటే తిప్పి వేయండి, లేకపోతే ఎండ కళ్లలోకే కొడుతుంది.

ఇక అసలు పని, లైన్ పట్టడం. టీ నుంచి జెండా కనపడదు, జెండా నుంచి టీ కనపడదు. రెండింటినీ కలిపే తిన్నని లైన్ గుట్ట మీద ఎక్కడి నుంచి పోతుంది? అందాజాగా రాయి పెట్టారంటే అవతల పది గజాలు పక్కకు పోతారు. భూమి కొలిచేవాళ్ల దగ్గర దీనికి పాత పద్ధతి ఒకటుంది. టీ దగ్గర ఒక పొడుగు కర్ర, జెండా దగ్గర ఒకటి పాతండి. ఇద్దరు మనుషులు చెరొక కర్ర పట్టుకుని గుట్ట ఎక్కండి. ఒకరు కొసకు కొంచెం ఇవతల, టీ వైపు నిలబడాలి. ఇంకొకరు కొంచెం అవతల, జెండా వైపు. ఇవతలి మనిషికి ఎదుటివాడి కర్ర, దాని వెనక జెండా రెండూ కనపడాలి. అవతలి మనిషికి అట్లాగే ఎదుటివాడి కర్ర, దాని వెనక టీ కర్ర. ముందు ఇవతలి మనిషి చెయ్యి ఊపుతూ అవతలివాణ్ణి కుడికో ఎడమకో జరిపి, అతని కర్రను జెండాతో లైన్‌లోకి తెస్తాడు. తర్వాత అవతలివాడు వెనక్కి తిరిగి, ఇవతలివాణ్ణి జరిపి టీ కర్రతో కలుపుతాడు. అప్పుడు మొదటి లైన్ కొంచెం చెడుతుంది. మళ్లీ మొదటివాడి వంతు. ఇట్లా వంతులవారీగా చేస్తూ పోతే జరగాల్సిన దూరం తగ్గుతూ వస్తుంది, చివరికి ఇద్దరిలో ఎవరూ కదలక్కర్లేని చోటు దొరుకుతుంది. అప్పుడు నాలుగు కర్రలూ ఒకే లైన్‌లో ఉన్నట్టు. మా తమ్ముడి కొడుక్కి ఇది చెబితే ఫోన్‌లో మ్యాప్ చూస్తే సరిపోతుంది కదా అన్నాడు. చూడమన్నాను. మ్యాప్‌లో గుట్టా చెలకా ఒకే రంగులో ఉన్నాయి, ఫొటో పాతది, జెండా అందులో లేనే లేదు. కర్ర పట్టుకుని ఎక్కాడు.

ఆ చోట రాయి పెట్టండి. మా నేలలో పాలుగు రాళ్లు ఎక్కడ చూసినా ఉంటాయి, తెల్లగానే ఉంటాయి కాబట్టి ఉత్త తెల్ల రాయి గుర్తు పనికిరాదు. మోకాలెత్తు రాయికి సున్నం కొట్టి, నడుమ నీలం పట్టీ వేశాను. బంతి విషయంలోనూ అంతే. ఎర్ర మట్టిలో పాలుగు ముక్కల మధ్య తెల్ల బంతిని వెతకడం నరకం. పసుపు బంతులో నారింజ రంగువో వాడండి.

రాయిని జెండాకు నేరుగా పెట్టాలా, బంతి పడాల్సిన చోటుకు పెట్టాలా అన్నది ఆలోచించాల్సిన విషయం. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 17వ హోల్ చూడండి. ఓపెన్ పోటీల్లో 495 గజాల పార్ ఫోర్. టీ షాట్ హోటల్ పక్కనున్న షెడ్డు మీదుగా కొట్టాలి, ఫెయిర్‌వే (బంతి పడాల్సిన గడ్డి దారి) కనపడదు, కుడివైపు అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే మైదానం హద్దు అవతల. షెడ్డు గోడ మీద హోటల్ పేరు రాసి ఉంటుంది. ఆటగాళ్లు అందులో ఏ అక్షరం మీదుగా కొట్టాలో ఎంచుకుంటారు. ధైర్యం ఉన్నవాడికి ఒక అక్షరం, జాగ్రత్తపరుడికి ఇంకో అక్షరం. మాకు కుడివైపు పక్కవాళ్ల బత్తాయి తోట ఉంది. అందుకని రాయిని జెండా లైన్ నుంచి ఒక అడుగు ఎడమకు జరిపాను. గుట్ట మీద ఒక అడుగు అంటే జెండా దగ్గరికి పోయేసరికి రెండున్నర అడుగులు. తోట యజమానితో మంచిగా ఉండాలంటే ఇంకో అడుగు కూడా జరపొచ్చు.

గ్రీన్‌కు గడ్డి పెంచే నీళ్లు మాకెక్కడివి? మన దేశంలో చాలా పాత మైదానాల్లో ఉన్నట్టు బ్రౌన్ వేశాను. అంటే జల్లెడ పట్టిన ఇసుకను చదును చేసి, గోనెసంచి లాగి నున్నగా చేయడమే. కొందరు ఇసుక ఎగరకుండా వాడిన ఇంజన్ ఆయిల్ కలుపుతారు. దగ్గర్లో బావి ఉంటే ఆ పని చేయకండి. గుంత వెడల్పు నిబంధన ప్రకారం 108 మిల్లీమీటర్లు, లోతు కనీసం 101.6. బోరు షాపులో దొరికే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క పాతితే సరిపోతుంది. కొన్ని మిల్లీమీటర్ల తేడాకు మా దగ్గర ఎవరూ కేసు వేయలేదు.

గుట్ట అవతల ఎవరున్నారో తెలియకుండా బంతి కొట్టకూడదు. దీన్ని సరదాగా తీసుకోవద్దు. గోల్ఫ్ బంతి తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మాకు రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి గంట. ప్రెస్ట్‌విక్‌లో ముందు బ్యాచ్ గ్రీన్ వదిలాక గంట కొట్టి పోతుంది, వెనకవాళ్లు ఆ చప్పుడు విన్నాకే ఆడతారు. మేము బడిలో కట్టినట్టు రైలు పట్టా ముక్కను వేపచెట్టుకు వేలాడదీశాం. రెండోది గుట్ట మీద మనిషి. మేకలు గంట వినవు కదా. "పెద్దనాయనా, ఆగు, మేకలొచ్చినయ్!" అని పైనుంచి అరుపు వినపడితే కర్ర దించాల్సిందే. లహించ్‌లో కూడా క్లోండైక్ అనే హోల్ దగ్గర దిబ్బ మీద మనిషిని నిలబెడతారు. ఆ క్లబ్ గుర్తులో ఉన్నది మేకే. వాన వచ్చేముందు మేకలు క్లబ్ భవనం దగ్గరికి చేరతాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

పైనున్న మనిషి లైన్ మీద నిలబడి దారి చూపించవచ్చు. కానీ మీరు కొట్టేలోపు అతను అక్కడి నుంచి తప్పుకోవాలి. నిబంధన అదే, భద్రతా అదే.

ఇప్పుడు ఆట. మొదటిసారి ఆడేవాళ్లు ముందు గుట్ట ఎక్కి చూసి రండి. తర్వాత బంతి వెనక నిలబడి రాయిని చూడండి. బంతికి రెండడుగుల ముందు అదే లైన్‌లో ఒక గడ్డిపోచనో గులకరాయినో కళ్లతో గుర్తుపెట్టుకోండి. అమెరికా గోల్ఫ్ చాంపియన్ జాక్ నిక్లాస్ ప్రతి షాట్‌కూ ఇట్లాగే దగ్గరి గుర్తు చూసుకునేవాడు. మామూలు హోల్‌లో ఇది అలవాటు, ఇక్కడ ఇది లేకపోతే పని జరగదు. ఒకసారి నిలబడ్డాక గుట్ట వైపు తల ఎత్తకండి. గుట్టను చూస్తే బంతిని ఎత్తాలనిపిస్తుంది, బరువు వెనక కాలి మీద పడుతుంది, కర్ర బంతి తలకు తగులుతుంది. బంతిని లేపడం ఐరన్ వంపు చేసే పని, మీది కాదు.

గాలి ఇక్కడ మోసం చేస్తుంది. ఆషాఢంలో పడమటి గాలి జోరుగా ఉన్నా, గుట్ట చాటున టీ దగ్గర గడ్డి కదలదు. గుట్ట పక్కనున్న తాటిచెట్టు తలను చూడండి. ఆకులు మన వైపు వంగి ఊగుతుంటే ఇంకా దూరం కొట్టే ఐరన్ (ఏడుకు బదులు ఆరు) తీసుకోవాలి. ఎండాకాలంలో ఎర్ర నేల గట్టిపడి బంతి పడ్డాక చాలా దూరం దొర్లుతుంది. అప్పుడు జెండాకు ముందే పడేటట్టు తక్కువ దూరం కొట్టేది (ఏడుకు బదులు ఎనిమిది) తీసుకోండి. వాన పడిన మర్నాడు ఈ లెక్క పనిచేయదు, పడ్డచోటే ఉంటుంది.

బంతి కొస దాటాక చెవి పెట్టండి. నేల మీద పడితే దబ్బుమంటుంది, రాయికి తగిలితే టక్కుమంటుంది, బత్తాయి తోటలో పడితే ఏమీ వినపడదు. ఏమీ వినపడకపోతే "ఇది ప్రొవిజనల్" (మొదటిది దొరక్కపోతే లెక్కలోకి వచ్చే బంతి) అని పైకి చెప్పి అక్కడి నుంచే ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే మొదటి బంతి దొరికినా లెక్కలోకి రాదు. బంతి మీద పెన్నుతో మీ గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఎవరిదెవరిదో గొడవ. వెతకడానికి మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదు ఉండేవి.

ప్రొవిజనల్ కొట్టకుండా అవతలికి పోయాక బంతి దొరకకపోతే నిబంధన ప్రకారం మళ్లీ గుట్ట ఎక్కి టీకి రావాలి. మా దగ్గర అట్లా చేయం. క్లబ్బులు కావాలంటే పెట్టుకోగల లోకల్ రూల్ ఒకటుంది, అదే పెట్టాం: రెండు పెనాల్టీ స్ట్రోకులు కలుపుకుని, బంతి పోయిన చోటికి దగ్గర్లో, జెండాకు దగ్గర కాకుండా బంతిని డ్రాప్ చేసి, అంటే చేత్తో కిందికి వదిలి, ఆడేయడమే. తోటలోకి పోయినా ఇదే లెక్క. పోయిన బంతులు ఆదివారం తోట యజమాని సంచిలో వేసి పంపిస్తాడు. బత్తాయిలకు మాత్రం డబ్బులు తీసుకుంటాడు.